పడవ కొని గట్టెక్కడానికి పది నెలలు

మొన్న కాకినాడ నుంచి ఒకాయన ఫోన్ చేశారు. "మీరు తెరచాప పడవ కొన్నారంట కదండీ, ఎంతయింది?" అని అడిగారు. లక్షా డెబ్బై వేలు అని చెప్పి పెట్టేశాను. పెట్టేశాక ఆ జవాబు నాకే నచ్చలేదు. డబ్బు సంగతి ఒక్కటే చెప్పి మిగతాదంతా మింగేశాను. అందుకే 2025 జనవరి నుంచి నవంబరు దాకా నాకు జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఆ కాకినాడ ఆయన కంటపడితే ఇదే నా అసలు జవాబు అనుకోవాలి.

నాకు నలభై ఏడేళ్ళు, అమలాపురంలో బ్యాంకు ఉద్యోగం. కాకినాడలో డిగ్రీ చదివే రోజుల్లో ఎన్‌సీసీ నేవీ వింగ్‌లో ఉండి రెండేళ్ళు తెరచాప పడవలు నడిపాను. ఆ తర్వాత ఇరవై ఏడేళ్ళపాటు నాకు పడవంటే పంటు మీద బండి ఎక్కించుకుని ఏరు దాటడమే. సంక్రాంతికి ఆత్రేయపురం పడవ పోటీలు చూసొచ్చాను. ఆ వెంటనే వచ్చిన ఆదివారం, జనవరి 19న, పనుండి యానాం వెళ్తూ బాలయోగి వారధి మీద బండి ఆపాను. కింద గౌతమిలో నాలుగు తెరచాపలు కనిపించాయి. రెండు తెల్లవి, ఒకటి ఎరుపు, ఇంకోటి ఫ్లెక్సీ గుడ్డతో కుట్టింది. ఆ ఫ్లెక్సీ చాప మీద ఎవరిదో పుట్టినరోజు శుభాకాంక్షలు తలకిందులుగా ఉన్నాయి. అందరికన్నా వేగంగా పోతున్నది అదే.

యానాం పని మానేసి ఎదుర్లంక వైపు దిగి ఏటిగట్టు వెంట వెతుక్కుంటూ పోయాను. ఓ కొబ్బరి తోటలో, చెట్ల మధ్య, పడవలు బోర్లించి ఉన్నాయి. ఐదారుగురు మనుషులు టీ తాగుతున్నారు. విషయం చెప్పాను. అందులో అకౌంట్లు చూసే రిటైర్డ్ మాస్టారు నా బూట్ల వైపు చూసి, "ముందు మూడు ఆదివారాలు రండి. పడవ ఎక్కించం. పనుంటుంది. ఆ తర్వాత కూడా కొనాలనిపిస్తే అప్పుడు మాట్లాడుకుందాం" అన్నారు. సభ్యత్వ ఫారం లాంటిది ఉంటుందనుకున్నాను. ఓ ఎకనాలెడ్జిమెంటైనా ఉంటుందనుకున్నాను, బ్యాంకు బుద్ధి కదా. ఏమీ లేదు.

ఫిబ్రవరి 2, 9, 16. మూడు ఆదివారాలూ వెళ్ళాను. పొద్దున్న ఏడింటికి హాజరు. మొదటి వారం పడవల అడుగున పట్టిన గుల్లలు గీకించారు. యానాం దగ్గర గౌతమిలో పోటుకి ఉప్పునీరు ఎక్కుతుంది కాబట్టి ఇవి పడతాయి, చేత్తో పట్టుకుంటే కోసేస్తాయి. రెండో వారం తాళ్ళు ఉతికించారు. తాళ్ళు ఉతుకుతారని నాకు తెలీదు. మూడో వారం మాత్రం, "మాస్టారూ, ఇటు రండి, ఓ చెయ్యి వెయ్యండి" అని నన్ను పిలిచారు. ఒక పాత చెక్క నావని ఏట్లోంచి గట్టు మీదికి ఎత్తాలి. అటు ముగ్గురు, ఇటు ముగ్గురు. ఆరోవాణ్ణి నేను. బురదలో మోకాలి దాకా దిగబడి, ఒకళ్ళు "ఓలేస్" అంటే అందరం "ఐలేసా" అని ఎత్తితే ఆ నావ జానెడు జరిగింది. అలా నలభై సార్లు. నడుం పట్టేసి రెండు రోజులు ఆఫీసులో నిటారుగా కూర్చున్నాను. నా ఒళ్ళు ఎక్కడ ఒంగుతుందో, ఎప్పుడు తిట్టుకుంటానో ఆ మూడు వారాలూ వాళ్ళు గమనించారని చాలా రోజుల తర్వాత తెలిసింది.

ఫిబ్రవరి 23న ఈత పరీక్ష. దీని గురించి ముందు చెప్పలేదు. లుంగీ, చొక్కాతోనే దిగాలి, లైఫ్ జాకెట్ లేకుండా యాభై మీటర్లు ఈదాలి. పక్కన పడవలో ఇద్దరు వస్తూ ఉంటారు. పడవ బోల్తా పడ్డప్పుడు మనం ఈత నిక్కరులో ఉండం కదా, అందుకు. తడిసిన లుంగీ కాళ్ళకి చుట్టుకుంటే ఎలా ఉంటుందో చెప్పలేను. ముప్ఫై మీటర్ల దగ్గర భయం వేసింది. పక్క పడవలోంచి ఒకాయన తాపీగా, "లుంగీ వదిలెయ్యండి, ఇక్కడెవరూ చూడరు" అన్నాడు. వదిలేశాను. గట్టు ఎక్కేటప్పుడు తువ్వాలు విసిరారు. ఆ లుంగీ ఏమైందో ఇప్పటికీ అప్పుడప్పుడూ గుర్తుచేస్తుంటారు.

ఆ రోజే డబ్బు సంగతి చెప్పారు. డిపాజిట్ 5,000, మానేస్తే తిరిగిస్తారు. నెలకి 600. అప్పటికి పదకొండు మంది, తొమ్మిది పడవలు. తోట అద్దె 3,000, కాపలా అబ్బాయికి 2,500, మిగిలింది తాళ్ళకీ టీకీ. సొసైటీగా రిజిస్టర్ చేయించాలని నాలుగేళ్ళుగా అనుకుంటున్నారు. 2001 చట్టం ప్రకారం ఏడుగురుంటే చాలు. అయితే ఆ ఏడుగురూ ఒకే కాగితం మీద ఒకే రోజు సంతకం పెట్టాలంటే ముందు ప్రెసిడెంటు ఎవరో తేలాలి. అది తేలదు. అందుకని ఇప్పటికీ అంతా ఓ పొడుగు నోటు పుస్తకం మీదే నడుస్తోంది.

మార్చిలో పడవ దొరికింది. చెన్నైలో ఒకాయన వయసు మీదపడి అమ్మేస్తున్నారు. ఎంటర్‌ప్రైజ్ రకం, పదమూడు అడుగుల మూడంగుళాలు, రెండు చాపలు, ఇద్దరు నడపాలి. ఈ రకానికి నీలం చాపలు వేయడం మొదటి నుంచీ ఆనవాయితీ. ఫోటోలో ఆ నీలం చూసే పడిపోయానని ఒప్పుకుంటాను. 72,000. వెళ్ళి చూడకుండా కొనొద్దని మాస్టారు మూడు సార్లు చెప్పారు. నాలుగోసారి చెప్పేలోపే డబ్బు పంపేశాను.

తేవడానికి ట్రాన్స్‌పోర్టు వాళ్ళు ముప్ఫై వేలు అడిగారు. మా గుంపులో కొబ్బరి మండీ ఆయన ఉన్నారు. ఆయన ఒక్క ఫోన్ చేసి, రావులపాలెం నుంచి అరటి గెలలు వేసుకెళ్ళి ఖాళీగా తిరిగొచ్చే లారీని మాట్లాడారు. 9,000తో పోయింది. ఎవరైనా కొనేవాళ్ళుంటే ఇది గుర్తుపెట్టుకోండి, రిటర్న్ లోడు. ఒక్కటే చిక్కు, లారీ ఎప్పుడొస్తుందో లారీకి కూడా తెలీదు. మార్చి 21 తెల్లారుజామున మూడున్నరకి రావులపాలెంలో దింపుతామన్నాడు. దింపాడు. మా ఆవిడకి బ్యాంకు ఆడిట్ అని చెప్పి వెళ్ళాను. పడవ కన్నా మాస్టు, అంటే చాప కట్టే నిలువు స్తంభం, పొడుగు కాబట్టి ట్రాక్టర్ ట్రక్కు కట్టించి, చివర ఎర్రగుడ్డ వేలాడదీసి, ఇంకో 2,800 ఇచ్చి ఎదుర్లంక చేర్చాను. దార్లో ముమ్మిడివరంలో మా తోడల్లుడు చూశాడు. నేను ఇంటికెళ్ళే లోపే ఇంట్లో తెలిసిపోయింది. "ఆడిట్ ఎలా జరిగింది?" అంది మా ఆవిడ.

ఈ పడవ ఖాళీది తొంభై కిలోలపైన ఉంటుందని పుస్తకాల్లో రాసి ఉంటుంది. మాది ఎత్తబోతే ఆరుగురికీ కష్టమైంది. మా గుంపులోనే ఉన్న మందుల షాపు ఆయనకి అనుమానం వచ్చి మండీ కాటా మీద పెట్టించారు. 131 కిలోలు. అంటే ఫైబర్ పొరల మధ్యా, గాలి తిత్తుల్లాంటి అరల్లోనూ నీళ్ళు చేరాయన్నమాట. "చెన్నై నీళ్ళు కూడా కలిపి కొన్నారండీ మీరు, లీటరెంత పడింది?" అన్నారాయన. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఈయన్ని ఇక్కడ గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తారు.

మార్చి 30 ఉగాది, ఆదివారం. ఆ రోజు నీళ్ళలో దింపాలని నా ముహూర్తం. ఆ రోజు పడవ అడుగున పదకొండు చిల్లులు వేసి, నీళ్ళు కారడం కోసం ఎండలో ఏటవాలుగా నిలబెట్టాం. ఉగాది పచ్చడి మాత్రం ఎవరింటి నుంచి వాళ్ళు తెచ్చారు, ఏడు రకాలు.

ఎండాక ఫైబర్ పని చేసే మేస్త్రీ కావాలి. ఏప్రిల్ 12న భైరవపాలెం వెళ్తే ఆయన క్యాలెండర్ చూపించారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో వేట నిషేధం. బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి కాబట్టి ఏడాది రిపేర్లన్నీ ఆ రెండు నెలల్లోనే చేయించుకుంటారు. "బాబూ, వాళ్ళది బతుకుతెరువండి, మీది సరదా అండి. జూన్‌లో రండి" అన్నాడు. నిజమే కదా, ఏమంటాం. రిపేరు చేయించాలంటే ఫిబ్రవరిలోనో మార్చి మొదట్లోనో చేయించుకోవాలి. నేను ఆ సమయంలో తాళ్ళు ఉతుకుతున్నాను. చివరికి బతిమాలగా, సాయంత్రాలు ఖాళీ దొరికినప్పుడల్లా ముక్కలు ముక్కలుగా చేశారు. జూన్ 11కి అయింది. రెసిన్, మ్యాట్, కూలీ కలిపి 38,000. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి గడియారం పెట్టినట్టు వస్తుంది, పడవకి అంతకన్నా మంచి గాలి లేదు. ఆ రెండు నెలలూ నేను గట్టు మీద కూర్చుని వేరేవాళ్ళ చాపలు చూశాను. రోజూ రాత్రి పడుకునే ముందు 131 కిలోలు గుర్తొచ్చేవి.

ఈలోగా కాగితాల పని. మా గుంపులో అందరూ తమ పడవ వివరాలు ఒక ఆఫీసులో రాసిచ్చి రసీదు తీసుకుంటారు. నేను నాలుగు సార్లు తిరిగాను, ఏడు వారాలు పట్టింది. ఫారంలో ఇంజను నంబరు అని ఒక గడి ఉంది. మా పడవకి ఇంజను లేదండీ అంటే, అయితే పడవ ఎలా వెళ్తుంది అన్నారు. గాలికి అన్నాను. గాలి లేకపోతే? తెడ్డు వేస్తాం. అయితే తెడ్డు పడవ అని రాయండి. కాదండీ. ఇలా రెండు పూటలు. మూడోసారి వేరే గుమాస్తా ఉన్నారు, ఆ గడిలో ఓ గీత కొట్టేశారు, ఇరవై సెకన్లలో అయిపోయింది. అయితే లైఫ్ జాకెట్లు చూపించమని నాలుగోసారి పిలిచినప్పుడు మాత్రం నాకు విసుగు రాలేదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగి చాలామంది పోయింది ఈ గోదావరి మీదే. రెండు జాకెట్లు, మంచివి, 4,600 అయ్యాయి.

జూన్ 22న పడవ నీళ్ళలో పడింది. కొబ్బరికాయ కొట్టాం. తోటలోదే కదా అని తీసుకుంటే తోట కౌలుదారు పాతిక రూపాయలు రాసుకున్నాడు. ఆ రోజు గంటసేపు అటూ ఇటూ తిరిగి వచ్చేశాం. చేతులకి పాత సంగతులు గుర్తున్నాయి, తలకి లేవు. చాప కింద అడ్డంగా ఉండే కర్రని, బూమ్ అంటారు దాన్ని, మావాళ్ళు "మొట్టికాయ" అని పిలుస్తారు. ఎందుకో మొదటి పది నిమిషాల్లోనే తెలిసింది.

జూన్ 29 అసలు రోజు. రొయ్యల చెరువుల కుర్రాడు ఒకతను నాతో ముందు చాప పట్టుకోవడానికి వచ్చాడు. పడమటి గాలి బాగుంది. మేం కిందికి, సముద్రం వైపు చాలా దూరం పోయాం. తిరిగి రావాలంటే గాలికి ఎదురు, అంటే నేరుగా కాకుండా ఇటో కోత అటో కోత కోసుకుంటూ వంకరటింకరగా రావాలి. మధ్యాహ్నం మూడున్నరకి అలా ఒక కోత ఎక్కువ దూరం పోయి ఇసుక మేట ఎక్కేశాం. అప్పటికే పాటు మొదలైంది, నీళ్ళు దిగిపోతున్నాయి. దిగి నెట్టాం. నెట్టే కొద్దీ నీళ్ళు మోకాళ్ళ నుంచి మడమలకి వచ్చేశాయి. ఒక పావుగంటలో మేం ఏటి మధ్యలో పొడి ఇసుక మీద, నీలం చాపలతో, ఎగ్జిబిషన్‌లో పెట్టినట్టు ఉన్నాం. యానాం ఒడ్డున జనం ఆగి చూశారు. కొందరు వీడియోలు తీశారు.

ఫోన్ చేస్తే సరంగు తాత తీశారు. ఆయనకి పడవ లేదు, చందా కట్టరు, ఎనభై దగ్గర పడ్డాయి. ఒకప్పుడు లాంచీలు నడిపే సరంగుగా చేశారు, చిన్నప్పుడు కాలువల్లో ధాన్యం పడవల మీద కూడా పనిచేశారట. ఎవరు ఏ పడవలో ఎంత దూరం పోవాలో మా దగ్గర ఆయన మాటే ఆఖరు. "ఎక్కడ బాబూ?" అన్నారు. చెప్పాను. "పోటు తిరిగాక రాత్రి తొమ్మిదికి తేలతారు. లంగరు వెయ్యండి. చాపలు దింపండి. కూర్చోండి" అని పెట్టేశారు. తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది.

చీకటి పడుతుండగా చిన్న పడవలో ఇద్దరు వచ్చారు. ఒక టార్చి, దోమలబత్తి, అరిటాకులో మినప రొట్టె, బెల్లం పానకం. మేట మీదే నలుగురం కూర్చుని తిన్నాం. ఒక్క మాట కూడా నా తప్పు గురించి అనలేదు. మా దగ్గర ఓ పద్ధతి ఉంది, మనిషి గట్టెక్కేదాకా ఎవరూ నవ్వకూడదు. తొమ్మిదీ పదికి పడవ కింద నీళ్ళు గలగలమన్నాయి, తొమ్మిదిన్నరకి కదిలింది. పదకొండు దాటాక తోట చేరాం. గట్టు మీద ఎనిమిది మంది ఉన్నారు, పడవ ఎత్తడానికి ఆగి. ఎత్తి, కట్టి, లెక్క చూసుకున్నాక అప్పుడు నవ్వారు. ఓ అరగంట నవ్వారు. మర్నాటి నుంచి ఆ మేట పేరు మా గుంపులో "బ్యాంకు". "బ్యాంకు దగ్గర జాగ్రత్త" అంటారు.

ఇంటికెళ్ళేసరికి ఒంటిగంట. మా ఆవిడ మాట్లాడలేదు. మర్నాడు పొద్దున్న, "వచ్చే వారం నేనూ వస్తాను, పడవెక్కడానికి కాదు, అక్కడ ఉన్నవాళ్ళు ఎలాంటివాళ్ళో చూడ్డానికి" అంది. వచ్చింది. చూసింది. అకౌంట్ల మాస్టారి భార్యతో కలిసి నోటు పుస్తకం తిరగేసి, టీ కింద నెలకి 900 రాస్తున్నారని పట్టుకుంది.

ఇక వరద. గోదావరి వాళ్ళకి ఇది కొత్త సంగతి కాదు గానీ, పడవ ఉన్నవాడికి వేరేగా ఉంటుంది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. మా గుంపు అంతదాకా ఆగదు. పది అడుగులు అనగానే ఫోన్లు మోగుతాయి. అక్కడ వదిలిన నీళ్ళు మా దగ్గరికి వచ్చే ఆ కొన్ని గంటల్లోనే పడవలన్నీ ఏటిగట్టు మీదికి చేరాలి. ఆగస్టులో అలా ఫోన్ మోగిన రాత్రి నేను తునిలో పెళ్ళిలో ఉన్నాను. రాలేకపోయాను. మర్నాడు వెళ్తే నా పడవ కూడా గట్టు మీదే, శుభ్రంగా కట్టి ఉంది. నోటు పుస్తకంలో నా పేరు ఎదురుగా 1,000 జరిమానా. ఇంకోసారి రాకపోతే ఆ ఏడాదికి నా పడవ ఆఖర్న ఎత్తుతారు.

నాకు కోపం వచ్చింది. పెళ్ళికి వెళ్ళడం కూడా తప్పేనా అన్నాను. మందుల షాపు ఆయన, "తప్పు కాదండి. పెళ్ళికి వెళ్ళారు, భోజనం చేశారు. ఇక్కడ మీ 131 కిలోలు ఎత్తి మా మాస్టారికి చెయ్యి బెణికింది. వెయ్యి దేనికో ఆయన్ని అడగండి" అన్నారు. ఇప్పుడది 131 లేదు, రిపేరు తర్వాత 98 అని వాదించాను. చూడండి, నేను పట్టుకున్న పాయింటు ఏమిటో. వెయ్యి కట్టి వచ్చేశాను. రెండు ఆదివారాలు వెళ్ళలేదు. మూడో ఆదివారం మాస్టారు ఫోన్ చేసి, యానాంలో పులస దొరికింది, తలా వెయ్యి, పుస్తెలు అమ్మక్కర్లేదు, వస్తారా అన్నారు. వెళ్ళాను. ముక్క వడ్డించింది మందుల షాపు ఆయనే. నాకు తోక ముక్క వేశారు. మేం మాట్లాడుకోలేదు.

చెప్పడం మర్చిపోయాను, కొబ్బరి చెట్ల కింద పడవ పెట్టడం గురించి. నీడ బాగుంటుంది, ఫైబర్ ఎండకి చెడదు. అయితే కాయ పడితే పడవ చితుకుతుంది. అందుకని మా పడవలున్న చెట్లకి కాయల దింపు ఆలస్యం కాకుండా చూసుకుంటాం, కౌలుదారు మర్చిపోయినా మేం మర్చిపోం. ఎండుమట్టలు కూడా తీయిస్తాం. ఇది ఏ పడవ పుస్తకంలోనూ ఉండదు.

అక్టోబరు 25, శనివారం, నాగుల చవితి. పుట్టలో పాలు పోసి వస్తుంటే ఫోన్. వాయుగుండం బలపడి తుపాను అవుతుందట, పేరు మొంథా, కాకినాడ చుట్టుపక్కల తీరం దాటొచ్చట. 26 ఆదివారం పొద్దున్న ఆరింటికి పన్నెండు మందిమీ ఉన్నాం. ఒక్కరు తక్కువ లేరు. ఏటిగట్టు మీద పెడితే గాలికి ఎగిరిపోతాయి, తోటలో పెడితే చెట్లు పడతాయి. సరంగు తాత కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. "తోట పక్కన వరిచేను గట్టు ఉంది, అక్కడ ఏ చెట్టూ లేదు. అక్కడ పెట్టండి. మాస్టులు పీకెయ్యండి. పడవలు బోర్లించొద్దు, వెల్లకిలా పెట్టి నిండా నీళ్ళు పొయ్యండి" అన్నారు.

నా గుండె ఆగింది. ఆ నీళ్ళు బయటికి తీయడానికే కదా మూడు నెలలూ 38,000 పోసింది. "తాతా, బోర్లించి మోకులతో కడితే సరిపోదా?" అన్నాను. ఆయన నన్ను చూసి, "బాబూ, కట్టిన పడవ మోకుతో సహా పోతుంది. నీళ్ళున్న పడవ పోదు" అన్నారు. తర్వాత నేనే బకెట్లు మోశాను. నా పడవలో నా చేత్తో పోసిన నీళ్ళు అరవై రెండు బకెట్లు.

ఏ పడవ ముందు ఎత్తాలో చీటీలు వేశాం. నాది మూడోది. మందుల షాపు ఆయనది పదోది, ఆఖరిది. ఒక్కో పడవ తోటలోంచి చేను గట్టుకి మోయడానికి గంటకి పైన పట్టింది. దారంతా బురద, నేను 16,000 పెట్టి చేయించుకున్న రెండు చక్రాల ట్రాలీ మొదటి పడవకే కూరుకుపోయింది. సాయంత్రానికి ఏడు అయ్యాయి. సోమవారం పొద్దున్నే వాన మొదలైంది. ఎనిమిది, తొమ్మిది చేర్చేసరికి మధ్యాహ్నం. పదో పడవ ఆయన చెక్క నావ, అన్నిటికన్నా బరువైంది, నేను ఫిబ్రవరిలో ఎత్తింది అదే. చేను గట్టు మీద ఇక చోటు లేదు, చేలో నీళ్ళు. జనాన్ని ఇళ్ళకి పొమ్మని చెప్పే జీపు కూడా గట్టు మీద రెండుసార్లు తిరిగింది. ఆయనే అన్నారు, "వదిలెయ్యండి. తోట అంచున పెట్టి నీళ్ళు పోద్దాం. మీరు అమలాపురం వెళ్ళాలి, వెళ్ళండి." పెట్టాం. పోశాం. వెళ్ళాం.

మంగళవారం, 28 రాత్రి. ఇంట్లో కరెంటు లేదు. గాలి చప్పుడు వింటూ నేను బకెట్లు లెక్కపెట్టుకుంటున్నాను, మా ఆవిడ రేడియో వింటోంది. తుపాను కాకినాడ దాకా రాలేదు, అర్ధరాత్రి వేళ నరసాపురం దగ్గర తీరం దాటింది. కోనసీమలో చెట్లు చాలా కూలాయి.

బుధవారం రోడ్డు మీద చెట్లు తీసే దాకా కదల్లేదు. తోట చేరేసరికి సాయంత్రం నాలుగు. చేను గట్టు మీద తొమ్మిది పడవలు ఎక్కడ పెట్టినవి అక్కడే, నిండా వాన నీళ్ళతో, పైన ఆకులు తేలుతూ. తోట అంచున రెండు కొబ్బరి చెట్లు అడ్డంగా పడి ఉన్నాయి. వాటి కింద నావ మూడు ముక్కలు. ఆయన మాకన్నా ముందే వచ్చి, చుక్కాని మాత్రం ఊడదీసి పక్కన పెట్టుకుని గట్టు మీద కూర్చున్నారు. ఏమనాలో ఎవరికీ తెలీలేదు. చీటీ నాది మూడు, ఆయనది పది. ఎవరూ తప్పు చేయలేదు. అయినా నేను ఆయన కళ్ళలోకి చూడలేకపోయాను. కాసేపటికి ఆయనే, "పన్నెండు మందిమి ఉన్నాం కదండీ, చీకటి పడకముందు నీళ్ళు తోడేద్దాం" అని బకెట్ తీసుకున్నారు. మొదట తోడింది నా పడవలోవే.

నవంబరు నెల చందాకి ఆయన పేరు రాయాలా వద్దా అని మాస్టారు ఆగితే ఆయనే 600 టేబుల్ మీద పెట్టారు. పుస్తకంలో ఇప్పుడు పడవలు తొమ్మిది, మనుషులు పన్నెండు. కొత్త నావ చేయించుకుంటే తలా పది వేలు వేస్తామన్నాం. ఆయన ఊ అనలేదు, ఉహూ అనలేదు.

నవంబరు 9న నేను చాపలు కడుతుంటే వచ్చి, "మీదాంట్లో ఇద్దరు కావాలి కదండీ" అని ఎక్కి కూర్చున్నారు. అప్పటి నుంచీ ముందు చాప ఆయనదే. గంటకి పదిసార్లు నా చుక్కాని తప్పంటారు. అందులో ఎనిమిది సార్లు ఆయన అన్నదే సరి, మిగతా రెండు సార్లు మాత్రం నేను ఒప్పుకోను. నవంబరు 16న గాలి ఎక్కువై మాస్టుని నిలబెట్టే స్టీలు తీగ ఒకటి తెగింది. తెడ్లు వేసుకుని, బ్యాంకు తప్పించుకుని వచ్చాం. కొత్త తీగ చెన్నై నుంచి రావాలి. అమ్మేవాడు పన్నెండు రోజుల్లో పంపుతానన్నాడు. ఇవ్వాళ్టికి పంతొమ్మిది.